సోఫా పక్కకి పాత టేబుల్: వింటేజ్, యాంటీక్ ఎండ్ టేబుళ్ళు ఎంచుకోవడం ఎలా?

అమెరికా వచ్చిన మనవాళ్ళలో చాలామందికి పాత ఫర్నిచర్‌తో పరిచయం ఎం.ఎస్. రోజుల్లోనే మొదలవుతుంది. సెమిస్టర్ చివర ఖాళీ చేసి వెళ్ళే సీనియర్లు డంప్‌స్టర్ పక్కన వదిలేసిన టేబుళ్ళూ లాంపులూ నలుగురు రూమ్మేట్లం కలిసి మోసుకొచ్చుకున్నవాళ్ళమే. ఉద్యోగం వచ్చి, ఇల్లు కొనుక్కున్నాక మాత్రం పాతది అంటే మొహం తిప్పుకుంటాం. షోరూమ్‌లో సోఫా సెట్టు, దానితో పాటు రెండు ఎండ్ టేబుళ్ళు, అన్నీ ఒకేసారి ఆర్డర్ చేసేస్తాం. ఒకటి రెండు సార్లు ఇల్లు మారేసరికి ఆ టేబుళ్ళ కాళ్ళు ఊగుతాయి, నీళ్ళు తగిలిన చోట పైపొర ఉబ్బుతుంది. రంపపు పొట్టుని జిగురుతో అదిమి, పైన కాగితం అంటించిన చెక్కకి అంతకన్నా ఆయుష్షు ఉండదు మరి.

అదే ధరకి, ఒక్కోసారి అందులో సగానికే, అరవై డెబ్భై ఏళ్ళ కిందట గట్టి కలపతో చేసిన టేబుల్ ఈ దేశంలో దొరుకుతుంది. ఇక్కడి వాళ్ళు "బ్రౌన్ ఫర్నిచర్" అని పిలిచే ముదురు రంగు పాత సామానుకి 2000 తర్వాత గిరాకీ బాగా పడిపోయింది. పెద్దవాళ్ళు చిన్న ఇళ్ళకి మారుతూ అమ్మేస్తున్నారు, పిల్లలు తీసుకోవడం లేదు. కొనుక్కునే వాళ్ళకి ఇది మంచి సమయం. పదేళ్ళుగా వారాంతాల్లో ఎస్టేట్ సేల్స్ చుట్టూ తిరుగుతున్నానని తెలిసి, అసోసియేషన్ పిక్నిక్కుల్లో నన్ను చాలామంది ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఆ సమాధానాలన్నీ ఒకచోట పెడదామని ఈ వ్యాసం.

మొత్తం వ్యాసాన్ని మూడు ముక్కల్లో చెప్పాలంటే ఇది: వయసు కన్నా నిర్మాణం ముఖ్యం. పైపలక కన్నా అడుగుభాగం ముఖ్యం. ఆ రెండింటికన్నా, ఆ టేబుల్ పక్కన మీ ఇంట్లో ఎవరు తిరుగుతారన్నది ముఖ్యం.

యాంటీక్ అంటే ఏమిటి? వింటేజ్ అంటే ఏమిటి?

అమెరికా కస్టమ్స్ లెక్కలో యాంటీక్ అంటే వందేళ్ళు దాటిన వస్తువు. 1930 నాటి సుంకాల చట్టంలో 1830కి ముందు తయారైన వాటినే యాంటీకులుగా లెక్కపెట్టేవారు. 1960లలో దాన్ని మార్చి వందేళ్ళ నియమం పెట్టారు. నిజాయితీ గల డీలర్లు ఇప్పుడు ఇదే పాటిస్తారు.

వింటేజ్ అన్న మాటకి చట్టంలో అర్థం లేదు. ఎట్సీ లాంటి వెబ్‌సైటులో కనీసం ఇరవై ఏళ్ళ వయసుంటే వింటేజ్ అని పెట్టొచ్చు. అంటే మనం కాలేజీలో చదువుకునే రోజుల్లో తయారైన టేబుల్ కూడా వింటేజే! అందుకని ఆ మాట విని ధర ఒప్పుకోకండి. ఏ దశాబ్దంలో తయారైందో అడగండి.

ఇక మూడోది "స్టైల్" అనే చిన్న మాట. "డంకన్ ఫైఫ్ స్టైల్", "క్వీన్ యాన్ స్టైల్" అని చీటీ ఉంటే అది ఆ కాలం నాటిది కాదని, ఆ పోకడలో తర్వాత ఎప్పుడో చేసిందని అర్థం. డంకన్ ఫైఫ్ అనే న్యూయార్క్ వడ్రంగి 1854లో చనిపోయాడు. త్రిఫ్ట్ స్టోర్లలో ఆయన పేరుతో కనబడే మహాగని టేబుళ్ళు ఎక్కువగా 1920ల నుంచి 1940ల మధ్య ఫ్యాక్టరీల్లో చేసినవి. అవి చెడ్డవని కాదు, చాలావరకు గట్టి టేబుళ్ళే. కాకపోతే వాటికి యాంటీకు ధర ఇవ్వనక్కర్లేదు.

అసలు పాతకాలంలో ఎండ్ టేబుల్ ఉండేదా?

సోఫాకి అటొకటి ఇటొకటి జతగా పెట్టే టేబుళ్ళు ఇంటింటా కనబడటం ఇరవయ్యో శతాబ్దపు అలవాటు. ఇళ్ళకి కరెంటు వచ్చి, సోఫా పక్కన లాంపు పెట్టుకోవాల్సిన అవసరం వచ్చాక అది స్థిరపడింది. అందుకే నిజమైన యాంటీకుల్లో ఎండ్ టేబుల్ కోసం వెతికితే జతగా దొరకడం కష్టం. దొరికేవి వేరే పని కోసం పుట్టిన టేబుళ్ళు: కొవ్వొత్తి పెట్టుకునే సన్నని కాండిల్ స్టాండ్, పలక నిలువుగా మడిచి గోడకి చేర్చే టిల్ట్‌టాప్ టీ టేబుల్, రెండు పక్కలా రెక్కలు దింపుకునే పెంబ్రోక్ టేబుల్, ఆడవాళ్ళు కుట్టుపని సామాను దాచుకునే సొరుగుల వర్క్ టేబుల్. వీటిలో సోఫా పక్కకి బాగా పనికొచ్చేది వర్క్ టేబుల్ అని నా అనుభవం. కాళ్ళు నాలుగు, సొరుగులు రెండు, ఎత్తు కూడా కొంచెం అటూఇటూగా సరిపోతుంది. రిమోట్లు, ఛార్జర్లు, అమ్మ కళ్ళజోడు అన్నీ అందులో పడతాయి.

రెండు టేబుళ్ళు ఒకేలా ఉండాలన్న పట్టుదల వదిలేస్తే ఎంపిక పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఎత్తు ఒకటే ఉంటే చాలు, రెండు వేర్వేరు టేబుళ్ళు ఒక సోఫాకి చక్కగా అమరుతాయి.

ముందు కొలతలు, తర్వాత షికారు

ఇంట్లో టేపు పట్టకుండా సేల్‌కి వెళ్ళకండి. రాసుకోవాల్సినవి నాలుగు కొలతలు.

1. సోఫా చెయ్యి ఎత్తు. టేబుల్ దానికి సమానంగా గాని, ఒకటి రెండు అంగుళాలు కిందకి గాని ఉండాలి. నేటి సోఫాల చేతులు చాలావరకు 24 నుంచి 26 అంగుళాలు ఉంటాయి. 1950ల టేబుళ్ళు అప్పటి పొట్టి సోఫాలకి తగ్గట్టు 20, 22 అంగుళాలే ఉండటం మామూలు. నేటి సోఫా పక్కన అవి పల్లంలో పడ్డట్టు కనిపిస్తాయి.

2. సోఫా లోతు. టేబుల్ ముందంచు సోఫా ముందంచుని దాటి బయటికి రాకూడదు. దాటితే నడిచే దారిలో మోకాలికి తగులుతుంది.

3. గోడకీ సోఫాకీ మధ్య ఖాళీ. రెక్కల టేబుల్ అయితే రెక్క లేపినప్పటి కొలత కూడా వేసుకోండి.

4. మీ కారు డిక్కీ వెడల్పు, ఎత్తు. ఇది నవ్వులాట కాదు. సేల్ దగ్గర మోయించే మనుషులు ఉండరు.

లాంపు పెట్టే ఆలోచన ఉంటే, మీరు సోఫాలో కూర్చున్నప్పుడు లాంపు గొడుగు కింది అంచు మీ కంటి ఎత్తుకి రావాలి. అంతకన్నా పైన ఉంటే బల్బు కళ్ళల్లో కొడుతుంది.

పైన పటారం... అందుకే బోర్లించి చూడండి

పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఫర్నిచర్ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. అమ్మేవాడు పైపలకని మెరిపిస్తాడు. అడుగుని ఎవరూ పట్టించుకోరు కాబట్టి నిజం అక్కడే ఉంటుంది. అనుమతి అడిగి టేబుల్‌ని మెల్లగా బోర్లించండి, సొరుగు పూర్తిగా బయటికి లాగండి, ఫోన్ టార్చి వేయండి. నేను చూసేవి ఇవి.

సొరుగు మూలలు. రెండు చెక్కలు పావురం తోక ఆకారంలో ఒకదానిలో ఒకటి దూరి ఉంటే వాటిని డవ్‌టైల్ అతుకులంటారు. తోకలు తక్కువగా, ఒక్కోటీ ఒక్కో కొలతలో, పక్కన గీతలు గీసిన గుర్తులతో ఉంటే చేత్తో కోసినవి. అమెరికా సామానులో అలాంటివి ఎక్కువగా పందొమ్మిదో శతాబ్దం నాటివి. అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే మెషిన్ పని, సాధారణంగా 1890ల తర్వాతిది. అర్ధచంద్రాకారం మధ్యలో చిన్న గుండ్రటి పుల్ల కనబడితే మీ అదృష్టం పండినట్టే. అది నాప్ అతుకు. దాని పేటెంట్ 1867 నాటిది, 1871 నుంచి సుమారు 1900 వరకే వాడారు. ఇంత కచ్చితంగా కాలం చెప్పే గుర్తు మరొకటి అరుదు. మూలల్లో స్టేపుల్స్, ఎండిన జిగురు తప్ప ఏమీ లేకపోతే దాన్ని అక్కడే వదిలేయండి.

స్క్రూలు. మొన పదునుగా లేకుండా మొద్దుగా ఉన్న స్క్రూలు 1840ల ముందు కాలానివి. తల మీద ప్లస్ గుర్తు ఉన్న ఫిలిప్స్ స్క్రూలు 1930ల మధ్య నుంచే వాడకంలోకి వచ్చాయి. ఒక షాపులో "విక్టోరియన్, 1880 నాటిది" అని చీటీ కట్టిన టేబుల్ కింద నాలుగు ఫిలిప్స్ స్క్రూలు చూశాను. తర్వాత రిపేరు చేసి ఉండొచ్చు కదా అంటే నిజమే, ఉండొచ్చు. అలాంటప్పుడు స్క్రూ చుట్టూ చూడాలి. పాత రంధ్రాలు, పాత స్క్రూ అచ్చులు పక్కన ఉంటే రిపేరు. ఏమీ లేకపోతే ఆ టేబుల్ పుట్టుకే ఫిలిప్స్ కాలంలో జరిగింది.

రంపం గుర్తులు. కింది చెక్క మీద తిన్నని సమాంతర గీతలుంటే నిలువు రంపం, విల్లులా వంగిన గీతలుంటే గుండ్రటి రంపం. గుండ్రటి రంపాల వాడకం సుమారు 1830 తర్వాత విరివిగా పెరిగింది.

చెక్క రకం. ప్లైవుడ్ కనిపిస్తే ఇరవయ్యో శతాబ్దం. పొట్టు అదిమిన పార్టికల్ బోర్డు అయితే రెండో ప్రపంచ యుద్ధం తర్వాతది. ఎం.డి.ఎఫ్. అయితే 1960ల నడుమ నుంచి ఈవలిది. వెనుక పలక, సొరుగు అడుగు చూస్తే ఇది తెలిసిపోతుంది.

గుండ్రటి పలక కొలత. నాకు బాగా నచ్చిన పరీక్ష ఇది. కలప ఏళ్ళ తరబడి తన నారకి అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువుగా మాత్రం దాదాపు మారదు. కాబట్టి గట్టి చెక్కతో చేసిన వందేళ్ళ గుండ్రటి పలకని నార వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిస్తే తేడా వస్తుంది. రెండు కొలతలూ తుచ తప్పకుండా ఒకటే అయితే అనుమానించాల్సిందే.

వెనీర్ గురించి ఒక మాట. ఖరీదైన కలపని పలుచని పొరగా కోసి అంటించడం మోసం కాదు. గొప్ప వడ్రంగులు కూడా వందల ఏళ్ళుగా చేస్తున్న పనే. పాత వెనీర్ కాస్త మందంగా ఉంటుంది. వేలితో తట్టి చూడండి, బోలు చప్పుడు వస్తే అక్కడ పొర ఊడిపోయినట్టు. చిన్న ముక్క లేచి ఉంటే బాగు చేయించొచ్చు, పలకంతా ఉబ్బి ఉంటే వద్దు.

చివరగా పలక మీద రెండు చేతులూ ఆనించి మూలకి ఒత్తి చూడండి. మన అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటారు. సోఫాలోంచి లేచేటప్పుడు వాళ్ళ చెయ్యి తిన్నగా ఎండ్ టేబుల్ మీదకే వెళ్తుంది. మధ్యలో ఒకే స్తంభం ఉన్న టేబుళ్ళు అంచు మీద బరువు పడితే తిరగబడతాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూర్చునే వైపు నాలుగు కాళ్ళ టేబులే పెట్టండి. కాళ్ళు ఊగుతుంటే అతుకులు విప్పి మళ్ళీ జిగురు పెట్టించుకోవచ్చు, విరిగిన కాలుని అతికించిన జాడ ఉంటే మాత్రం బరువు మోసే పనికి నమ్మలేం.

తెలుసుకోదగ్గ కొన్ని పేర్లు

పేరుకి డబ్బు పోయడం నా సలహా కాదు. కాకపోతే గుర్తులు తెలిస్తే మంచి సామాను చవకగా పట్టుకోవచ్చు.

లేన్: వర్జీనియాలోని ఆల్టావిస్టాలో 1912లో మొదలైన కంపెనీ. టేబుల్ అడుగున ముద్రించిన సీరియల్ నంబరుని వెనక నుంచి చదివితే తయారీ తేదీ వస్తుంది. 267140 అని ఉంటే తిరగేయండి: 04 17 62, అంటే 1962 ఏప్రిల్ 17. మన ప్రోగ్రామర్లకి నచ్చే పద్ధతి. పలక మీద డవ్‌టైల్ డిజైన్ కనిపించే "అక్లైమ్" వరస వాల్‌నట్ టేబుళ్ళు ఇప్పటికీ ఎస్టేట్ సేల్స్‌లో తరచూ కనబడతాయి.

హేవుడ్ వేక్‌ఫీల్డ్: మసాచుసెట్స్‌లోని గార్డ్‌నర్ ఊరి కంపెనీ. గట్టి బర్చ్, మేపుల్ కలప, తేనె రంగు, గుండ్రటి మూలలు. 1946 తర్వాత వాటి మీద గద్ద బొమ్మ కాల్చి ముద్ర వేశారు. మూలలు గుండ్రంగా ఉండటం చిన్నపిల్లలున్న ఇంటికి కలిసొచ్చే గుణం.

స్టిక్లీ: మిషన్ శైలి ఓక్ టేబుళ్ళు. గుస్తావ్ స్టిక్లీ కంపెనీ 1915లో దివాలా తీసింది. ఆయన తమ్ముళ్ళ పేరుతో ఉన్న కంపెనీ 1989లో అవే డిజైన్లు మళ్ళీ చేయడం మొదలుపెట్టింది. కాబట్టి ముద్ర చూడగానే 1905 నాటిదని ఎగిరి గంతెయ్యకండి. కొత్తవీ మంచి సామానే, కానీ ధరలో ఎంతో తేడా.

డెన్మార్క్ టేకు టేబుళ్ళు: 1950లు, 60ల నాటివి. అడుగున "డేనిష్ ఫర్నిచర్‌మేకర్స్ కంట్రోల్" అనే గుండ్రటి ముద్ర ఉంటే బాగుంటుంది. ముద్ర లేకపోయినా నిర్మాణం చూసి కొనొచ్చు.

చిన్నపిల్లలున్న ఇంట్లో

ఈ భాగం మాత్రం పైపైన చదవకండి. అమెరికాలో ఇళ్ళ పెయింటులోనూ, ఫర్నిచర్ పెయింటులోనూ సీసం వాడకాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు పెయింటు వేసిన టేబుల్ ఏదైనా సీసం ఉందనుకునే చూడాలి. తెల్లగా, లేత ఆకుపచ్చగా, అక్కడక్కడా పెచ్చులూడి "షాబీ షిక్" పేరుతో అమ్మే టేబుళ్ళు చూడటానికి ముద్దుగా ఉంటాయి. కానీ పాకే పిల్లలు పట్టుకుని నిలబడేది ఎండ్ టేబుల్ అంచునే, పళ్ళొచ్చే రోజుల్లో కొరికేదీ ఆ అంచునే. రాలిన పొడి చేతికంటి నోట్లోకి పోతుంది.

సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. ఇంత వరకు పరవాలేదు అనే సురక్షిత స్థాయి లేదని వైద్యులు చెబుతారు. 2021లో సి.డి.సి. తన హెచ్చరిక స్థాయిని డెసిలీటరు రక్తానికి 5 నుంచి 3.5 మైక్రోగ్రాములకి తగ్గించింది. మా స్నేహితుల ఇంట్లో ఏడాది పాపకి మామూలు చెకప్‌లో ఆ అంకె ఎక్కువ వచ్చింది. ఇల్లు చూస్తే కొత్తది. వెతగ్గా వెతగ్గా కారణం ఎస్టేట్ సేల్‌లో పదిహేను డాలర్లకి కొన్న తెల్ల టేబుల్ దగ్గర తేలింది. సమయానికి పట్టుకున్నారు కాబట్టి పాప క్షేమం. ఆ రోజు నుంచి పెయింటు వేసిన పాత టేబుల్ గురించి ఎవరడిగినా నా జవాబు ఒకటే: ఆరేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి వద్దు.

పాతకాలపు టేబుల్‌ని గరుకు కాగితంతో పొడిగా రుద్దడం అన్నిటికన్నా ప్రమాదం, సీసం గాలిలోకి లేస్తుంది. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే స్వాబ్ పరీక్షలు తొలి సూచనకి పనికొస్తాయి, నమ్మకంగా తెలియాలంటే పెయింటు పెచ్చుని ల్యాబుకి పంపాలి. పెయింటు లేకుండా కలప నార కనబడేలా పాలిష్ చేసిన టేబులైతే ఈ బెంగ చాలావరకు తగ్గుతుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. పాత గాజు పలకలు టెంపర్డ్ కాకపోవచ్చు, పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతాయి. మూలలో టెంపర్డ్ ముద్ర లేకపోతే అదే కొలతకి కొత్త గాజు కోయించుకోండి. అలాగే కొందరు పాత లేన్ సెడార్ పెట్టెని సోఫా పక్కన టేబుల్‌లా వాడతారు. 1912 నుంచి 1987 వరకు చేసిన ఆ పెట్టెల మూత పడగానే దానంతటదే తాళం పడిపోతుంది. పిల్లలు లోపల ఇరుక్కుని ప్రాణాలు పోవడంతో 1996లో ఆ తాళాలను రీకాల్ చేశారు. అలాంటి పెట్టె దొరికితే తాళం మార్పించాకే ఇంట్లో పెట్టండి.

పురుగులు, నల్లులు

చెక్క మీద గుండుసూది తలంత రంధ్రాలుండి, వాటి కింద పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉన్నట్టే. పొడి లేకుండా రంధ్రాల అంచులు నల్లబడి ఉంటే పాత గాయం. నల్లులు పరుపుల్లోనే ఉంటాయనుకోకండి, చెక్క అతుకుల్లోనూ సొరుగు మూలల్లోనూ దాక్కుంటాయి. ఇంకు చుక్కల్లాంటి నల్ల మచ్చలు కనబడితే ఆ టేబుల్ ఊరికే ఇచ్చినా వద్దు. కొన్న టేబుల్‌ని నేరుగా లివింగ్ రూమ్‌లోకి తేకుండా కొన్నాళ్ళు గరాజ్‌లో, కింద తెల్లకాగితం పరచి ఉంచడం మా ఇంట్లో నియమం. కాగితం మీద పొడి పడితే దాన్నిబట్టి సంగతి తెలిసిపోతుంది.

ఎక్కడ కొనాలి? బేరం ఎలా ఆడాలి?

ఎస్టేట్ సేల్ నా మొదటి ఓటు. ఒక ఇంటి సామానంతా అక్కడే పెట్టి అమ్ముతారు కాబట్టి ఆ టేబుల్ ఎలాంటి ఇంట్లో బతికిందో కళ్ళారా చూడొచ్చు. సాధారణంగా శుక్రవారం మొదలవుతుంది. మంచివి మొదటి రోజే పోతాయి, మిగిలినవి చివరి రోజు సగం ధరకి వస్తాయి.

పెద్ద సంతలు చూడాలనుకునే వారికి: మసాచుసెట్స్‌లో బ్రిమ్‌ఫీల్డ్ ఏడాదికి మూడుసార్లు, మే, జులై, సెప్టెంబరుల్లో జరుగుతుంది. టెక్సస్‌లో రౌండ్ టాప్ 1968 నుంచి ఉంది, వసంతంలోనూ శరదృతువులోనూ పెద్ద ఎత్తున జరుగుతుంది. కాలిఫోర్నియాలో పాసడీనా రోజ్ బౌల్ సంత ప్రతి నెలా రెండో ఆదివారం, బే ఏరియా వాళ్ళకి అలమేడా పాయింట్ సంత మొదటి ఆదివారం. అట్లాంటాలో స్కాట్ యాంటీక్ మార్కెట్ నెలకోసారి రెండో వారాంతంలో. బయల్దేరే ముందు తేదీలు ఒకసారి సరిచూసుకోండి.

ఆన్‌లైన్ వేలంలో అయితే గెలిచిన ధర మీద "బయ్యర్స్ ప్రీమియం" పేరుతో ఇరవై శాతం, ఆ పైన కూడా కలుపుతారు. పన్ను, రవాణా వేరే. ఈ లెక్క ముందే వేసుకుని పాడండి. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో వస్తువు చూడకముందు అడ్వాన్స్ అడిగితే మాటలాపేయండి. అడుగుభాగం ఫోటో పంపమని అడగడం నా అలవాటు. సంతోషంగా పంపేవాడి దగ్గర కొనొచ్చు.

బేరం మన రక్తంలో ఉన్నదే కానీ ఇక్కడి పద్ధతి వేరు. రైతుబజారులో లాగా సగానికి అడిగితే చిన్నబుచ్చుకుంటారు. లోపాలు ఎత్తిచూపి దెబ్బలాడకుండా "మీరు ఇవ్వగల మంచి ధర ఎంత?" అని అడిగి ఊరుకోండి. రెండు వస్తువులు కలిపి తీసుకుంటానంటే పది నుంచి ఇరవై శాతం తగ్గించడం మామూలే.

దంతం, రోజ్‌వుడ్, ఇండియా నుంచి తెచ్చే సామాను

మన విశాఖపట్నం పద్దెనిమిదో శతాబ్దంలోనే ఫర్నిచర్‌కి ప్రపంచ ప్రసిద్ధి అని ఎంతమందికి తెలుసు? ఈస్టిండియా కంపెనీ దొరల కోసం అక్కడి పనివాళ్ళు రోజ్‌వుడ్, ఎబొనీ చెక్కల్లో ఏనుగు దంతం పొదిగి, దంతం మీద లతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ పనితనం చూడొచ్చు. తెలుగువాడిగా గర్వపడాల్సిన సామాను. కానీ "విజాగపటం" అని పేరు పెట్టి ఎవరైనా దంతం పొదిగిన టేబుల్ అమ్మజూపితే తొందరపడకండి. అమెరికాలో 2016 జులై నుంచి ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారం దాదాపు పూర్తిగా నిషిద్ధం. ఆసియా ఏనుగు దంతానికి ఆంక్షలు అంతకన్నా పాతవి. వందేళ్ళు దాటిన వాటికి రుజువులతో మినహాయింపు ఉన్నా, న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల చట్టాలు ఇంకా గట్టివి. బ్రెజిల్ రోజ్‌వుడ్ మీద కూడా 1992 నుంచి అంతర్జాతీయ ఆంక్షలున్నాయి. ఈ దేశంలో ఉన్న పాత డేనిష్ టేబుల్ ఇంట్లో వాడుకోవడానికి అడ్డులేదు, దేశం దాటించాలంటేనే కాగితాలు కావాలి.

ఇండియాలో తాతగారి కాలం నాటి బల్లనో పెట్టెనో ఇక్కడికి తెచ్చుకుని సోఫా పక్కన పెట్టుకోవాలనే కోరిక చాలామందికి ఉంటుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన అలాంటి వస్తువులను సొంతంగా దేశం బయటికి పంపకూడదు. వయసు తక్కువైనా పాతగా కనబడితే కస్టమ్స్ వాళ్ళు ఆపుతారు. అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం ముందుగా తీసుకోండి.

కొన్నాక: ఫిల్టర్ కాఫీ, పసుపు, హీటర్

1920లకి ముందు అమెరికా సామానుకి ఎక్కువగా వేసింది షెల్లాక్ పాలిష్. అది మన దేశపు లక్క పురుగు ఇచ్చిన లక్కే. అందంగా మెరుస్తుంది కానీ వేడికి, స్పిరిట్‌కి తట్టుకోదు. పొగలు కక్కే స్టీలు గ్లాసు పెడితే తెల్ల వలయం పడుతుంది. తెల్ల మచ్చ అంటే తేమ పాలిష్ పొరలోనే ఆగింది, బాగు చేయడం తేలిక. నల్ల మచ్చ అంటే నీళ్ళు చెక్కలోకి దిగాయి, అది నిపుణుల పని. కొబ్బరినూనె, పసుపు, కుంకుమ కూడా పాత పాలిష్‌ని మరకలు చేస్తాయి. దీపం పెట్టే అలవాటుంటే కింద పళ్ళెం తప్పనిసరి.

చలికాలంలో హీటర్ గాలి నేరుగా తగిలే చోట పాత టేబుల్ పెడితే చెక్క ఎండి పగులుతుంది. నెలనెలా ఏవో నూనెలు పూయక్కర్లేదు, పొడి మెత్తటి గుడ్డ చాలు, ఏడాదికొకటి రెండుసార్లు మైనం. ఒకవేళ అవిసె నూనె కలిసిన పాలిష్ వాడితే ఆ గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరచి పూర్తిగా ఆరనివ్వండి.

పాత పాలిష్ అంతా గీకి కొత్తగా మెరిపించాలని మాత్రం తొందరపడకండి. నిజమైన యాంటీకుకి ఆ పాత పొరే సగం విలువ. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. 1950ల మామూలు టేబులైతే మీ ఇష్టం.

సేల్‌కి తీసుకెళ్ళాల్సిన చీటీ

కొలతలు నాలుగూ రాశారా? సొరుగు లాగి మూలలు చూశారా? స్క్రూలు ఏ కాలానివి? మూలకి ఒత్తితే ఊగిందా? పెయింటు ఉందా, ఉంటే ఇంట్లో చిన్నపిల్లలున్నారా? పొడి, నల్ల మచ్చలు, ముక్క వాసన ఉన్నాయా? తీసుకెళ్ళడానికి దారి ఉందా? వీటన్నిటికీ సరైన జవాబొస్తే, అప్పుడు ఆఖరుగా మీకు నచ్చిందా అని అడగండి. నచ్చకపోతే ఎంత పాతదైనా, ఎంత చవకైనా వదిలేయండి. వచ్చే వారాంతం ఇంకో ఇంట్లో ఇంకో టేబుల్ ఉంటుంది.

మొదటి టేబుల్‌కి వంద డాలర్ల లోపు పెట్టుకోండి. నాలుగైదు సేల్స్ ఊరికే తిరిగి, కొనకపోయినా టేబుళ్ళు బోర్లించి చూడటం అలవాటు చేసుకోండి. ఆ తర్వాత షోరూమ్‌కి వెళ్ళినా మీ చెయ్యి ముందు టేబుల్ కిందకే వెళ్తుంది.